బండి కంపెనీ ఆంటీ

ఆంటీ పోయిందన్న మెసేజ్ వచ్చినప్పుడు నేను ఫ్రిస్కోలో మా ఇంటి నుంచే ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. చదివి పకపకా నవ్వాను.

తప్పు నాది కాదు. మెసేజ్ కింద ఆవిడ కూతురు ఒక ఫోటో పెట్టింది. అందులో ఆంటీ ఆకుపచ్చ చీర మీద మ్యూజియం వాళ్ళిచ్చిన ఖాకీ కోటు తొడుక్కుని, పాతకాలం డ్రైవర్లు దుమ్ము పడకుండా పెట్టుకునే తోలు కళ్ళజోడు తగిలించుకుని, గుర్రాలు కట్టని ఒక చెక్క బండెక్కి కూర్చుంది. రెండు చేతులతో లేని పగ్గాలు లాగుతోంది. నోరు ఇంత తెరిచి ఉంది. ఆ నోట్లోంచి ఏ మాట వస్తోందో నాకు తెలుసు. "అడ్డం లేవండ్రా!"

స్క్రీన్ మీది మొహాలన్నీ నావైపు చూశాయి. "సారీ, మాకు బాగా కావలసిన ఆంటీ చనిపోయింది" అన్నాను, ఇంకా నవ్వుతూనే. మా మేనేజరు ఏమనుకున్నాడో ఏమో, మీటింగ్ అక్కడితో ముగించేశాడు. తర్వాత ఏడుపూ వచ్చింది. కానీ నవ్వే ముందొచ్చింది. ఆవిడ విషయంలో ఎప్పుడూ అంతే.

నేను ఆవిడని మొదటిసారి చూసినప్పుడు కనిపించినవి కాళ్ళు మాత్రమే.

అప్పుడు నేను ఇండియానాలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేస్తున్నాను. ఆ ఊళ్ళో బస్సు లేదు. నాకు డ్రైవింగ్ రాదు. ఆదివారం నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్న ఏకైక వినోదం ఒక మ్యూజియం. ఆ ఊళ్ళోనే ఒకప్పుడు గుర్రబ్బళ్ళు చేసి, తర్వాత కార్లు చేసి, చివరికి మూతపడిపోయిన ఒక కంపెనీ ఉండేది. దాని జ్ఞాపకంగా పెట్టిన మ్యూజియం అది. పాత కార్లంటే నాకేమీ ఆసక్తి లేదు. బయట చలిగా ఉంది, లోపల హీటర్ ఉంది, అందుకని వెళ్ళాను.

మొదటి హాల్లో పెద్ద సరుకు బండి ఒకటుంది. ఆకుపచ్చ తొట్టి, ఎర్ర చక్రాలు. దాని కింద నుంచి తెల్ల స్నీకర్లు వేసుకున్న రెండు కాళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి. వాటి పైన చీర అంచు. బండి కింద నుంచి ఒక గొంతు, అచ్చ తెలుగులో, ఎవరినో మందలిస్తోంది.

"ఎంత చెప్పినా వినవేందే నువ్వు? మళ్ళీ వదులయ్యావా?"

నేను వంగి చూశాను. "ఎవరితో మాట్లాడుతున్నరు ఆంటీ?" అని నోరు జారి తెలుగులోనే అడిగేశాను.

కాళ్ళు కదలడం ఆగింది. "తెలుగమ్మాయివా?"

"అవునాంటీ. మాది కరీంనగర్."

"మాది బాపట్ల పక్క. ముచ్చట్లు తర్వాత. ముందు ఆ టార్చ్ పట్టుకో."

పట్టుకున్నాను. అరగంట పట్టుకున్నాను. ఆ తర్వాత ఆవిడ బయటికి వచ్చి, చీర దులుపుకుని, మొహానికి అంటిన మసి తుడుచుకోకుండానే నా రెండు బుగ్గలూ పుణికి, "భోజనం చేశావా?" అంది. నా రెండు బుగ్గలకీ మసి అంటింది. ఆ మసితోనే ఆవిడ ఇంటికెళ్ళి పప్పుచారు తిన్నాను.

ఆంటీ రిటైరైన నర్సు. వయసు డెబ్బై దాటింది. ఆదివారం పొద్దున తెలుగు చర్చిలో పాటలకి తాళం వేసేది, మధ్యాహ్నం నుంచి మ్యూజియంలో జీతం లేని గైడుగా ఉండేది. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో సగం మందికి ఆవిడ పేరు తెలియదు. బండి కంపెనీ ఆంటీ అంటేనే తెలిసేది. ఆవిడ వాళ్ళ నాన్న బాపట్ల పక్క వాళ్ళ ఊళ్ళో ఎడ్లబళ్ళు చేసే వడ్రంగి. "యేసు ప్రభువు చేసిన పనే మా నాన్న చేసేవాడు" అని పాస్టర్ గారితో సహా అందరికీ చెప్పేది. "ప్రభువు ముప్పయ్యేళ్ళకి మానేశాడు, మా నాన్న మానలేదు" అని కూడా అనేది. పాస్టర్ గారు ఆ రెండో ముక్క విననట్టు నటించేవారు.

ఆవిడ మ్యూజియం చూపించే పద్ధతి వేరు. మిగతా గైడ్లు కారు దగ్గర నిలబడి హార్స్‌పవర్ ఎంతో చెప్పేవారు. ఆంటీ వచ్చినవాళ్ళందరినీ చేతులు పట్టుకోమని గుండ్రంగా నిలబెట్టేది. మధ్యలో ఎవరో ఒక లావుపాటి మనిషిని నిలబెట్టి, "నువ్వు కుండ. ఇరుసు నీలోంచి పోతుంది, కదలకు" అనేది. కొందరిని ఆకులని, అంటే కుండ నుంచి అంచుకి పోయే కర్రలని చెప్పి చేతులు చాపించేది. చుట్టూ ఉన్నవాళ్ళు పూటీలు, అంటే చక్రం అంచున వంపు తిరిగిన చెక్క ముక్కలు. తర్వాత తన చీర కొంగు నడుముకి దోపుకుని, వాళ్ళందరి చుట్టూ పరుగెత్తుకుంటూ "నేను ఇనప పట్టాని! బిగించానా, లేదా?" అని వాళ్ళని లోపలికి నెట్టేది. అమెరికన్ తాతలూ మామ్మలూ కిలకిలా నవ్వుతూ ఒకరి మీద ఒకరు పడేవారు. "బిగువు లేకపోతే చక్రం లేదు, చక్రం లేకపోతే కంపెనీ లేదు" అని అప్పుడు కథ మొదలుపెట్టేది.

కథలో ఇద్దరు అన్నదమ్ములు. కమ్మరి కొలిమితో మొదలుపెట్టి బళ్ళు చేసి బాగా బతికారు. అప్పుడు తమ్ముడికి గుర్రం లేని బండి పిచ్చి పట్టింది. అన్నకి కోపం వచ్చింది. ఇంగ్లిష్ వాళ్ళకి ఇంగ్లిష్‌లో చెప్పేది కానీ, తెలుగువాళ్ళు దొరికితే ఆ అన్నదమ్ములు బాపట్ల పక్క వాళ్ళైపోయేవారు.

"ఏరా తమ్ముడూ, గుర్రం గడ్డి తింటే పేడన్నా ఏస్తది. నీ ఇంజను తాగిందంతా పొగేగా?"

"అన్నా, పేడ ఎత్తేది నువ్వు కాదుగా!"

ఇలా ఇద్దరి గొంతులూ తానే పలికేది. తమ్ముడు మొదట చేసిన కారు నిజానికి బగ్గీయే. గుర్రాన్ని విప్పేసి, సీటు కింద బ్యాటరీలు పెట్టాడు. దాన్ని చూపిస్తూ ఆంటీ గొంతు తగ్గించి, "ఎలక్ట్రిక్ కారు! మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇప్పుడు కొని ఫోటోలు పెట్టుకుంటున్నారే, అదే!" అనేది. అది మొదటిసారి రోడ్డు మీదికి వచ్చినప్పుడు జనం తప్పిపోయిన గుర్రం కోసం వెతికారట. ఈ ముక్క నిజమో, ఆవిడ కల్పనో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే "నువ్వైతే వెతకవా?" అనేది.

బళ్ళు చేసిన వడ్రంగులే కార్ల చట్రాలు చేశారు, బగ్గీ సీట్లు కుట్టిన ఆడవాళ్ళే కారు సీట్లు కుట్టారు. "గుర్రాన్ని పంపించారు గానీ పనివాణ్ణి ఉంచుకున్నారు" అనేది ఆంటీ. మా ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి నా టెస్టింగ్ పని ఊడబెరుకుతుందేమోనని ఒకసారి ఆవిడ దగ్గర దిగులుపడ్డాను. "నువ్వు గుర్రానివా, వడ్రంగివా? ముందది తేల్చుకో" అని గారెలు వేయించడంలో పడిపోయింది. నేను చాలా రోజులు ఆలోచించాను.

నా అసలు భయం వేరే ఉండేది. డ్రైవింగ్ టెస్ట్ రెండుసార్లు ఫెయిలయ్యాను. మొదటిసారి స్టాప్ సైన్ దగ్గర ఆగలేదు. రెండోసారి ఆగాను, ఆగినచోట నుంచి కదల్లేదు. రోజూ నన్ను ఆఫీసుకి దింపే కొలీగ్ ఇల్లు మారబోతోంది. నెలలోపు లైసెన్స్ రాకపోతే ఆ ప్రాజెక్ట్ వదులుకోవాలి, ప్రాజెక్ట్ వదిలితే నా వీసా సంగతేమిటో దేవుడికే తెలియాలి. ఆంటీకి చెప్పాను.

"భయమైతుంది ఆంటీ. స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణుకుతయి."

"వణకనీ. మా హాస్పిటల్లో మొదటిసారి సూది పట్టినప్పుడు నా చేతులూ వణికినయ్. పేషెంట్ చేతులూ వణికినయ్. ఇద్దరం కలిసి వణికాం. సూది దిగిందా లేదా?"

ఆవిడకి ఆ కంపెనీ చివరి రోజుల్లో చేసిన పాత స్టేషన్ వ్యాగన్ ఒకటుండేది. వెన్న రంగు. గేరు కర్ర స్టీరింగ్‌కి అంటుకుని ఉండేది. మ్యూజియం వెనక ఖాళీ స్థలంలో నాకు దాని మీద నేర్పింది. నేను క్లచ్ వదిలిన ప్రతిసారీ బండి గంతేసేది. గంతేసినప్పుడల్లా ఆంటీ "హై!" అనేది, ఉయ్యాల ఊగే పిల్లలాగా. ఒక్కసారీ విసుక్కోలేదు. ఒకసారి మాత్రం చెత్తడబ్బాని గుద్దబోతుంటే, "అమ్మాయ్, అది కూడా మ్యూజియందే" అంది మెల్లగా.

అంతలో ఆవిడకి పెద్ద కష్టం వచ్చింది.

మ్యూజియం డైరెక్టర్ సన్నగా పొడుగ్గా ఉండే పెద్దమనిషి. చెడ్డవార్త చెప్పేముందు అద్దాలు తీసి తుడుచుకునేవాడు. ఒక ఆదివారం ఆయన అద్దాలు తుడుచుకుంటూ వచ్చాడు. హీటర్ వేడికి చెక్క ఎండి, సరుకు బండి వెనక చక్రానికి పట్టా ఊడేలా ఉంది. ప్రతి వేసవిలో ఊరేగింపుకి ఆ బండిని గుర్రాలు కట్టి తీసుకెళ్తారు. ఈసారి కుదరదు. కదలని బండికి అంత పెద్ద చోటెందుకని బోర్డు వాళ్ళు అంటున్నారు. దాన్ని వేరే ఊళ్ళో గోదాముకి పంపించి, ఆ స్థానంలో టచ్ స్క్రీన్లు పెడతారట.

ఆంటీ నవ్వకుండా ఉండటం మొదటిసారి చూశాను. "బండి లేకుండా కార్ల కథ ఎట్టా చెప్పను? తండ్రి పేరు లేకుండా శుభలేఖ అచ్చేసినట్టు ఉండదూ!" అంది నాతో. తర్వాత ఆయనవైపు తిరిగి ఇంగ్లిష్‌లో, "ఊరేగింపుకి ఎన్ని రోజులుంది?" అని అడిగింది.

"మూడు వారాలు."

"చక్రం నాకివ్వండి."

ఆయన అద్దాలు పెట్టుకుని ఆవిడని చూశాడు, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. చివరికి ఇచ్చాడు. ఆవిడ అడిగితే కాదనడం ఆ ఊళ్ళో ఎవరికీ చేతనయ్యేది కాదు.

గంట దూరంలో ఆమిష్ వాళ్ళ ఊళ్ళున్నాయి. కరెంటూ కార్లూ వద్దనుకుని ఇప్పటికీ గుర్రపు బగ్గీల్లో తిరిగే భక్తిపరులు వాళ్ళు. అక్కడ చక్రాలు చేసే ఒకాయనకి ఉత్తరం రాసి, జవాబు తెప్పించుకుంది. అంతా కుదిరాక, ఆ వారమే ఆవిడకి కంటి శుక్లం ఆపరేషన్ అయ్యింది. రెండు వారాలు కారు నడపొద్దన్నారు.

శనివారం పొద్దున్నే నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మా అపార్ట్‌మెంట్ ముందు నిలబడింది. పొరుగాయన ఎవరో ఆవిడ వ్యాగన్ తెచ్చి పెట్టి వెళ్ళాడు. వెనక తలుపు ఎత్తి, నా ఎత్తున్న ఎర్ర చక్రాన్ని అడ్డంగా తోసి తాళ్ళతో కట్టేశారు.

"ఎక్కు" అంది, డ్రైవర్ సీటు చూపించి.

"నాకు లర్నర్ పర్మిటే ఉంది కద ఆంటీ!"

"పక్కన లైసెన్స్ ఉన్న మనిషి ఉండాలి, అంతేగా? డాక్టరు నన్ను నడపొద్దన్నాడు గానీ కూర్చోవద్దన్లేదు. లైసెన్స్ నాది, కళ్ళు నీవి."

మొదటి పది మైళ్ళు ఊపిరి పీల్చిన గుర్తు లేదు. ఆంటీ దారంతా చర్చి పాటలు పాడింది. నేను గేరు మార్చవలసిన చోట పాట ఆపి "ఇప్పుడు" అనేది, మళ్ళీ అందుకునేది. ఆమిష్ ఊళ్ళు మొదలయ్యాక ఒక నల్ల బగ్గీ మా ముందుకొచ్చింది. దాన్ని దాటే ధైర్యం నాకు లేదు. గుర్రం తోక చూస్తూ రెండు మైళ్ళు దాని వెనకే వెళ్ళాం.

"చూశావా, ఇన్నేళ్ళు పోటీపడినా గుర్రమే ముందుంది" అంది ఆంటీ. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే మొదటిసారి గమనించాను, నా చేతులు వణకడం లేదు.

చక్రాలాయన తెల్ల గడ్డం, గడ్డి టోపీ, తక్కువ మాటల మనిషి. మా చక్రాన్ని ఒకసారి తిప్పి, వేలితో తట్టి చెవి పెట్టి విన్నాడు. ఆంటీ కూడా రెండోవైపు నుంచి చెవి పెట్టి వింది. చక్రానికి చెరోవైపు ఆ రెండు తలలూ అలా ఉండగా, "రెండు ఆకులు వదులు" అంది ఆవిడ. "మూడు" అన్నాడాయన. ఆవిడ మళ్ళీ విని, "మూడు" అని ఒప్పుకుంది. దాంతో ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది.

ఆయన పట్టా తీసి కొంచెం కోసి మళ్ళీ అతికి, నేల మీద గుండ్రంగా పేర్చిన మంటలో పెట్టాడు. అది కాలేదాకా ఆగాలి. ఆంటీ ఊరుకునే రకం కాదు.

"అందరూ బళ్ళు మానేసి కార్లు చేశారు కదా, మీ వాళ్ళకి ఎప్పుడూ ఆ ఆలోచన రాలేదా?"

ఆయన మంటని ఒక కట్టెతో సర్దాడు. "కార్లు చేసినవాళ్ళ కంపెనీ ఇప్పుడెక్కడుంది?"

"మ్యూజియంలో."

"నాకు వచ్చే ఏడాదికి కూడా ఆర్డర్లున్నాయి."

ఆంటీ అలా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. ముందు నడుం పట్టుకుంది, తర్వాత నా భుజం పట్టుకుంది, తర్వాత అక్కడున్న మొద్దు మీద కూలబడి నల్ల కళ్ళద్దాల కింద నుంచి కళ్ళు తుడుచుకుంది. "మా డైరెక్టర్‌కి చెప్తే ఆ అద్దాలు అరిగిపోతాయి!" ఆ తక్కువ మాటల మనిషి గడ్డం కూడా కదిలింది.

పట్టా ఎర్రబడింది. దాన్ని ఎత్తడానికి పొడుగాటి పట్టకారులు రెండున్నాయి. ఒకటి ఆయనకి, ఇంకొకటి కొట్టంలో ఉన్న ఆయన కొడుక్కి. ఆంటీ ఆ రెండో పట్టకారు వైపు చూసిన చూపు నేను చూశాను. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పట్టా వేసే రోజున ఆవిడ పని నీళ్ళ బిందెలు మోయడం. పట్టకారు ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆడపిల్ల పట్టుకుంటే చక్రం వంకరపోతుందనేవాడట. ఈ సంగతి ఆవిడ నాకు నవ్వుతూనే చెప్పింది, కానీ మూడుసార్లు చెప్పింది.

ఎవరినైనా ఏదైనా అడిగేసే మనిషి ఆవిడ. అయినా ఆ రోజు అడగలేకపోయింది. నేనే అడిగాను. స్టాప్ సైన్ దగ్గర ఆగి కదల్లేని నేను, ముక్కూమొహం తెలియని పెద్దాయన ముందుకెళ్ళి, "ఆ రెండోది ఆవిడ పట్టుకోవచ్చా?" అన్నాను.

ఆయన ఆంటీని కిందికీ పైకీ చూశాడు. "బరువుంటుంది. ఎప్పుడైనా బరువులెత్తారా?"

"జీవితమంతా మనుషుల్ని ఎత్తాను. నర్సుని" అంది ఆంటీ.

ఆయన కొడుకు చేతిలోంచి పట్టకారు తీసి ఆవిడకిచ్చాడు. కొడుకు ఆవిడ వెనకే నిలబడ్డాడు. ఆంటీ కొంగు దోపుకుంది. ఇద్దరూ ఎర్రటి పట్టాని ఎత్తి, నాలుగడుగులు నడిచి, చక్రం మీద దించారు. గుప్పున పొగ. చెక్క భగ్గుమంది. కొడుకు సుత్తితో చుట్టూ కొడుతున్నాడు. ఆంటీ, ఇన్నేళ్ళుగా ఆ మాట కోసమే గొంతు దాచుకున్నట్టు, ఆ కొట్టం దద్దరిల్లేలా అరిచింది.

"పొయ్! నీళ్ళు పొయ్!"

నాకు తప్ప అక్కడ ఎవరికీ తెలుగు రాదు. అయినా అందరం పోశాం. బుస్సుమని ఆవిరి లేచింది. పట్టా కుంచించుకుపోతుంటే లోపల ఆకులు ఒక్కొక్కటే టక్ టక్‌మని బిగుసుకుంటున్న చప్పుడు. ఆంటీ ఒక్కొక్క చప్పుడుకీ తల ఊపుతోంది. చల్లారాక ఆయన చక్రాన్ని ఇరుసుకి ఎక్కించి, అంచు దగ్గర సుద్దముక్క పట్టుకుని తిప్పాడు. వంకర ఉంటే సుద్ద ఒకచోటే గీస్తుంది. అంచంతా సమంగా తెల్లటి గీత పడింది. ఆంటీ ఆ గీతని వేలితో ముట్టుకుని, పైకి చూసి, "నాన్నా, చూసుకో" అంది. తర్వాత చక్రాలాయన చెయ్యి పట్టుకుని ఎంతసేపు ఊపిందంటే, ఆయన రెండో చేత్తో టోపీ పట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాతి వారం నేను మూడోసారి టెస్ట్‌కి వెళ్ళాను. పాసయ్యాను. ఆఫీసుకి నేనే వెళ్ళడం మొదలుపెట్టాను. నేను టెస్ట్ పాసైన విషయం ఆంటీ చర్చిలో ప్రకటనల సమయంలో చెప్పించింది. పాస్టర్ గారు "డ్రైవర్ల భద్రత కోసం" అని ప్రార్థన కూడా చేశారు.

ఊరేగింపు రోజున సరుకు బండికి రెండు పెద్ద గుర్రాలు కట్టారు. వెనకే వెన్న రంగు స్టేషన్ వ్యాగన్‌లో నేను. ఆంటీని బండి మీద కూర్చోమని డైరెక్టర్ బతిమాలాడు. కూర్చోలేదు. వెనక చక్రం పక్కనే, దానికి చెవి ఒగ్గి, ఊరు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. జనం చేతులూపారు, పేరు పెట్టి పిలిచారు, పూలు విసిరారు. ఆవిడ ఒక్కసారి కూడా వాళ్ళవైపు చూడలేదు. రోడ్డు గతుకులొచ్చినప్పుడు మాత్రం చక్రం మీద చెయ్యి వేసేది, జ్వరం చూసినట్టు.

చివర్లో స్టేజీ దగ్గర బండి ఆగింది. బోర్డు వాళ్ళంతా అక్కడే కూర్చున్నారు. డైరెక్టర్ మైకు తీసుకుని, ఈ బండి మ్యూజియంలో తన చోటు తనదేనని ప్రకటించాడు. ఈసారి అద్దాలు తుడుచుకోలేదు. మైకు ఆంటీ చేతికిచ్చి, రెండు మాటలు చెప్పమన్నాడు.

రెండు గంటలు ఆపకుండా మాట్లాడే ఆవిడకి ఒక్క ఇంగ్లిష్ మాట రాలేదు. చక్రం వైపు చూసింది. మైకు రెండు చేతులతో పట్టుకుని అరిచింది.

"తిరిగింది!"

ముందు వరసలో ఎవరో, అదేదో జై కొట్టడమనుకుని, "టిరిగిండీ!" అన్నారు. ఆ వెనక ఇంకొకరు. చూస్తుండగా వీధి వీధంతా చేతులెత్తి "టిరిగిండీ! టిరిగిండీ!" అని అరుస్తోంది. డైరెక్టర్ కూడా పిడికిలి ఎత్తాడు. నేను హారన్ కొడుతూనే ఉన్నాను. నా కిటికీ పక్కన నిలబడ్డ ముసలాయన ఒంగి, "ఆ మాటకి అర్థమేంటమ్మా?" అని అడిగాడు. నేను చెప్పబోయేలోగా ఆయన ఆగలేక, టోపీ గాల్లోకి విసిరి, ఇంకోసారి అరిచేశాడు.